ఉప్పుకాగితం

తాంపెరెలో ఫిబ్రవరి. కిటికీ అవతల వీధిని
మంచు ఎప్పుడో పుట్టీ పెట్టి పూడ్చేసింది.

సింకులో గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు.
రెక్కలు, తోక, నా వేలిగోరంత పైలట్.
అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు వదిలేదాకా
పాత టూత్‌బ్రష్‌తో తోమాను.
పైలట్‌కి చక్కిలిగింత పుట్టే ఉంటుంది.

అతుకుల మీద పుట్టీ. ఆరాక ఉప్పుకాగితం,
నాలుగొందల నంబరు, తర్వాత వెయ్యి.
తడిపి, అరగదీసి, తుడిచి, మళ్లీ తడిపి.
కంటికి కనబడని గీత బొటనవేలికి తెలుస్తుంది.
బొటనవేలికీ చిక్కనిది
బూడిదరంగు ప్రైమర్ పడ్డాక
మొహమాటం లేకుండా బయటపడుతుంది.

పడింది.

ఎడమ రెక్క కింద, చక్రం గూటి పక్కన
ఒక వేలిముద్ర, జిగురులో దిగబడి గట్టిపడిపోయి.
నాది కాదు.
నలభై ఏళ్ల కిందట ఈ రెక్కను అతికించి
ఆరకముందే స్కేట్లు భుజాన వేసుకుని
హాకీకి పరిగెత్తిన తమ్ముడు ఒయివాది.
"ముట్టుకోకు, ఆరనీ" అని అప్పుడే అరిచాను.

ఉప్పుకాగితం మడతపెట్టాను.
పోటీలో జడ్జి విల్యో రెక్క కింద టార్చి వేస్తాడు,
నాలుక చప్పరించి
రెండు మార్కులు కొట్టేస్తాడు.

కొట్టెయ్యనీ.
కాక్‌పిట్ అద్దానికి టేపు అంటించడం
ఇంకా మిగిలే ఉంది.