పద్దెనిమిదో పిన్ను

పందొమ్మిది పిన్నుల్లో పద్దెనిమిదోది
బొమ్మ మోయదు, పాట మోయదు.
అయిదు వోల్టులు పట్టుకుని గుమ్మంలో నిలబడి
"ఇంట్లో ఉన్నాం" అంటుంది, అంతే.
ఆ ఒక్క మాట వినబడకపోతే
ఎంత ఖరీదైన తెరైనా నల్లగా ఊరుకుంటుంది.

యాభై అయిదు మిల్లీ ఆంపియర్లు ఇస్తే చాలంది ప్రమాణాల పుస్తకం.
అర ఆంపియర్ దాటనివ్వకనీ అంది.
ఆ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలో
నాకే వదిలేసింది.

మొదట మామూలు ఫ్యూజు అనుకున్నాను.
మాట మీద నిలబడే రకం.
ఒక్కసారి తెగిందా, ఇక అతకదు.
ఎవరో కంగారులో వంకర కేబులు గుచ్చిన పాపానికి
బోర్డు మొత్తం విప్పాలి.
దొన్ ఫిదెన్సియో తల అడ్డంగా ఊపాడు:
"నిచ్చెన ఎక్కేది నేను, నువ్వు కాదు."

అందుకని పాలీఫ్యూజు.
మెంతిగింజంత.
వేడెక్కితే అలుగుతుంది, చల్లబడితే రాజీకొస్తుంది.
రెండు వందల మిల్లీ ఆంపియర్లు మోస్తానని కాగితం మీద రాసిచ్చింది,
కింద చిన్న అక్షరాల్లో: ఇరవై డిగ్రీల దగ్గర.
చదివాను.
చదివి పేజీ తిప్పాను.
గ్వాదలహారాలో మా కిటికీ అవతల జకరాందా ఊదాగా రాలుతోంది,
గదిలో ఇరవై రెండు.

జూన్‌లో ఎర్మొసీయో నుంచి ఫోను.
బస్టాండులో రాకపోకల బోర్డులు
మధ్యాహ్నం రెండింటికల్లా ఆరిపోతున్నాయట.
దొన్ ఫిదెన్సియో ఒక రాత్రీ ఒక పగలూ బస్సులో కూర్చుని
పదకొండింటికి దిగాడు.
అన్నీ వెలుగుతున్నాయి.
ఆయన బస్సు వచ్చిందని చెప్పింది కూడా ఆ బోర్డే.
కేబులు మార్చి వచ్చాడు.
మళ్ళీ ఫోను, మళ్ళీ వెళ్ళాడు,
మళ్ళీ రాత్రే.

మూడోసారి నేను వెళ్ళాను. పగలు.
బయట నలభై ఆరు.
తెర వెనక రేకు పెట్టె మీద చెయ్యి వేసి
చటుక్కున లాక్కున్నాను.
చింతపండు నీళ్ళు అమ్మే ఆవిడ గ్లాసు చేతికిచ్చి నవ్వింది:
"రోజూ ఇంతే. రెండింటికి పడుకుని ఆరింటికి లేస్తాయి.
మీవాళ్ళు ఎవరూ నన్నడగలేదు."

పెట్టెలో డెబ్బై.
డెబ్బైలో నా రెండు వందలు నూటికి దిగజారాయి.
పదిహేను మీటర్ల కేబులు, దాని మెడలో ఒక బూస్టరు,
నూట ముప్ఫై తాగుతోంది. దాని దాహం దానిది.
తప్పు ఎవరిదీ కాదనుకోవాలని
కాసేపు గట్టిగానే ప్రయత్నించాను.
చీకటి తెర కింద ఒక ముసలాయన
చేతిలో టికెట్టు మడతలు పెడుతూ
నోగాలెస్ బస్సు ఏ గేటని
కనబడ్డ వాళ్ళనల్లా అడుగుతున్నాడు.

గేటు తొమ్మిది.
బస్సు వెళ్ళి పది నిమిషాలైంది.

తిరిగొచ్చి చిప్పు ఎంచుకున్నాను, కరెంటు కొలిచి ఇచ్చే స్విచ్చు.
ఎండకీ వానకీ మాట మార్చదు.
షార్టయితే కన్నుమూసి తెరిచేలోగా గుప్పిట బిగిస్తుంది,
అవతలి టీవీ వెనక్కి తోసే కరెంటుని గడప తొక్కనివ్వదు.
మూడు వందల దగ్గర గీత గీశాను.
లోడుతో కొలిస్తే పిన్ను దగ్గర ఇంకా నాలుగు పాయింటు తొమ్మిది.

"ఒక్కోదానికి మూడు పెసోలు ఎక్కువ," అంది మిరేయా
లెక్కల పుస్తకంలోంచి తలెత్తకుండా.
"నాలుగు వేల బోర్డులు."
దొన్ ఫిదెన్సియో చొక్కా జేబులోంచి
నలిగిన బస్సు టికెట్లు తీసి
ఒక్కొక్కటే ఆమె బల్ల మీద పరిచాడు.
ఏమీ అనలేదు.

కొత్త బోర్డుని ఓవెన్లో పెట్టాం, డెబ్బైలో.
తెర మీద ఏదో ఒకటి ఉండాలిగా,
నోగాలెస్, గేటు తొమ్మిది అని టైపు చేశాను.
రెండయింది.
కుర్చీ లాక్కుని
ఆరు దాకా అక్కడే కూర్చున్నాను.