సగం ముంజె

నరసింగపురం వీధిలో మేడమీద కొట్టు.
కింద మెట్ల నిండా సెల్‌ఫోన్ కవర్ల గుట్టలు,
పైన దేవసహాయంగారి ఒక్క బల్ల, ఒక్క స్టూలు.
ఎడమ కంటికి నిరుడు శుక్లం తీశారు, కుడిది ఇంకా పాతదే.
"ఈ కంటికి ట్యూబ్‌లైటు నీలం, ఆ కంటికి గంజి.
ఏది నిజమో మీటర్నే అడుగుతుంటా, సిస్టర్."

నాకు కావలసింది రాత్రి మూడు గంటల వెలుతురు.
నైట్ డ్యూటీలో దొరికే పావుగంట,
పెద్దాసుపత్రి వెనక గేటు,
కన్నియప్పన్ టీ బండి మీద ఒకే బల్బు,
దాని కిందకి రాకుండా ఆగిపోయే మనుషులు.
ఇన్నాళ్ళూ కంటి లెక్కనే తీశాను.
ముప్పయ్యారు ఫ్రేముల్లో ముప్పయ్యొకటి బొగ్గు.

నాలుగు మీటర్లు గుడ్డ మీద పరిచి
కిటికీ మూసి, లైటు ఆర్పేశారు.
సోల్డరింగ్ పెట్టె ఎర్ర చుక్క ఒక్కటే మిగిలింది.

మొదటిది తేనెపట్టు గాజుది.
బ్యాటరీ అడగదు, ఎండని తిని బతుకుతుంది.
దాని ముల్లు కదల్లేదు.
"మధ్యాహ్నం మంచి పనిమంతురాలు" అన్నారు, తప్పుపట్టకుండా.

రెండోదానికి జ్ఞాపకం జబ్బు.
ఇందాక కిటికీలో చూసిన ఎండని మరిచిపోదు.
మేం మాట్లాడుకుంటూనే ఉన్నాం, ముల్లు దిగుతూనే ఉంది,
వార్డు బయట కబురు చెప్పాక కూడా
ఇంకోసారి చెప్పమనే మనిషిలా.
పాదరసం సెల్లు ఇప్పుడు దొరకదు,
చెవి మిషను సెల్లుతో నెట్టుకురావాలట.

మూడోది పిస్తోలు పట్టినట్టు పట్టాలి.
ఆయన కిటికీ ఒక రెక్క తెరిచారు.
కంటికి ఆనించి చూస్తే
అవతల గోడమీద అణాకాసంత చోటుని ఏరి లెక్క చెబుతోంది.
ఎదురు మేడమీద బట్టలారేస్తున్న ఆమె మెడని కొలిచాను.
ఆమెకి తెలీదు.
నాడి చూడ్డానికి చెయ్యి పట్టుకోనక్కర్లేదన్నమాట.
దించేశాను. ధర అడగలేదు.

నాలుగోదాని నెత్తిన తెల్లటి బుడిపె,
సగం కోసిన ముంజెలా.
వెనక మూతకి రబ్బరు బ్యాండు.
ఇది మనిషిని చూడదు, మనిషి మీద పడేదాన్ని చూస్తుంది.
"దగ్గరికి నడవాలి, సిస్టర్. చెంప పక్కన పెట్టాలి.
అడక్కుండా కుదరదు. దీంతో అదే తంటా."
ఆరువేల అయిదొందలన్నారు.
అయిదువేల ఎనిమిదొందలకి తెగింది, రబ్బరు బ్యాండుతో సహా.

ఆ రాత్రి కుళాయి దగ్గర
స్టీలు క్యారియర్ కడుగుతోంది ఒకావిడ.
చెంగమ్మట, సూళ్ళూరుపేట. మరిదికి కాల్లో ప్లేట్లు, పదకొండో రోజు.
ఫోటో అనగానే కొంగు సర్దుకుంది.
ముంజెని చెంప పక్కన పెట్టాను,
బల్బు వైపు కాదు, కెమెరా వైపు తిప్పి.
ఆవిడ కళ్ళు మూసుకుంది.
కాసేపాగి, "జరమెంతుందమ్మా?" అంది.

నాలుగు సెకన్లు, అంది మీటరు.
చీకట్లో ఫిల్ము మొండికేస్తుంది, నాలుగంటే ఆరివ్వాలి,
అది దేవసహాయంగారి మాట.
పాల క్రేటు మీద కెమెరా నిలబెట్టి
ఆరూ లోలోపల లెక్కపెట్టాను, నాడి పట్టిన అలవాటున.
అయిదో అంకె దగ్గర నవ్విందో,
ఏదో అడగబోయిందో.

కడిగి చూస్తే
క్యారియర్ మూడు గిన్నెలూ, మోచేతి మీద నీటి చార, చెవి తమ్మె,
అన్నీ ఉన్నాయి. నోరొక్కటే చెదిరింది.

అప్పుడు జ్వరం లేదనే చెప్పాను.
నా చేతిలోని దాన్ని ఎగాదిగా చూసి,
"దాందేముందిలే, ఒకసారి చెయ్యేసి చూడు" అంది.

చూశాను.