సున్నా మూడు

ఫిషింగ్ హార్బరు, మూడో జెట్టీ,
ఐసు పెట్టె నంబరు ఏడు.
మూత లోపల అగ్గిపెట్టంత యంత్రం.
పావుగంటకోసారి అది చెప్పాల్సింది
రెండంటే రెండంకెలు. చలి ఎంతో, అంతే.

ఆ రెండంకెలకి ఎంత తతంగమో
రుషికొండ ఆఫీసులో లాగ్ ఫైలు విప్పి చూశాను.
ముందు మెలకువ.
తర్వాత టవరెక్కడుందో వెతుక్కోవడం,
యారాడ కొండ మీదదా, పాత పోస్టాఫీసు దగ్గరదా.
తర్వాత తలుపు తట్టడం.
'ఎవరది?'
'నేను.'
'నేనంటే?'
పేరు, ఇంటిపేరు, పుట్టుమచ్చలు,
నిన్నొచ్చినవాడివి నువ్వేనని రుజువు,
తాళం, ఆ తాళానికింకో తాళం,
'కూర్చో.' 'కూర్చున్నాను.' 'కూర్చున్నట్టు చెప్పు.' 'చెప్పాను.'
అప్పుడు,
సున్నా మూడు.
ఆ వెంటనే 'వెళ్ళొస్తా', 'వెళ్ళిరా', 'వెళ్ళావా?'

ఒక్క నెత్తల్లి కోసం
అలివి వల మొత్తం దించి ఊరంతా లాగినట్టు.
రెండేళ్ళు రావాల్సిన బ్యాటరీ
వినాయక చవితికి పెడితే
శివరాత్రి చూడకుండా పోయింది.

బ్యాటరీ మార్చడానికి వెళ్ళిన పొద్దున
గరికిన కాసులమ్మ ఆ పెట్టె మీదే కూచునుంది.
కొంగున ముడేసిన ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది.
ఎత్తలేదు. ముడైనా విప్పలేదు.
లేచి గంపలు కడగడం మొదలెట్టింది.
'ఎవరమ్మా?'
'ఇంకెవుడు, మా పరసయ్య. డాల్ఫిన్ ముక్కు దాటీసినాడు.'
'మాట్లాడలేదుగా. ఇప్పుడు మాటలు ఫ్రీయే కదా?'
'మాటలు ఫ్రీయేనమ్మా. సముద్రం మీద చార్జింగు ఫ్రీయేటి?
ఒక్క రింగయితే వచ్చీసినట్టు.
రెండయితే ఐసు చాల్లేదని.
మూడయితే...'
మూడు సంగతి చెప్పలేదు. గంప బోర్లించింది.

ఇంటికెళ్ళే బస్సులో కండక్టరు ఈల:
ఒకటి ఆగు, రెండు పోనీ.
నమస్కారం లేదు, నా పేరు ఫలానా అనడం లేదు.
కంచరపాలెం దాటేదాకా అదే వింటూ కూచున్నాను.

ఆ వారమంతా నేను చేసింది చెబితే చిన్నదే.
పెట్టెని పూర్తిగా పడుకోనివ్వలేదు, పూర్తిగా లేవనివ్వలేదు,
కోడికునుకులో ఉంచాను.
టవరుకి చెప్పాను, దీని మొహం గుర్తుంచుకో,
వచ్చినప్పుడల్లా పుట్టుమచ్చలు అడక్కు.
తలుపు తట్టే చప్పుడులోనే
సున్నా మూడు దూర్చాను.
పంతొమ్మిది మాటలు మూడయ్యాయి.
మా మేనేజరు గ్రాఫు చూసి టీ ఇప్పించాడు.

టీ తాగుతుంటే గుర్తొచ్చింది.
కాసులమ్మ ఎత్తని ఆ రింగు
నా లెక్కలో అచ్చంగా తతంగమే.
మెలకువ, టవరు, తాళం, రుజువు అన్నీ ఉంటాయి.
కబురు కాలమ్‌లో మాత్రం సున్నా.
నేను కోసి పారేయాలని కూచున్నది అదే.
ఆ సున్నాలో ఒక బోటుంది,
ఆరుగురు మనుషులు, వాళ్ళ తడి లుంగీలు,
ఇవాళ్టి కోనాం చేపల ధర.

మొన్న ఆమే ఫోను చేసింది నాకు.
'తిన్నావేటమ్మా? ఏటి కూర?
ఎండకి మొకం నల్లబడిపోనాది మొన్న సూస్తే.
గొడుగట్టుకెళ్ళొచ్చు కదా.
మీ పక్కింటోళ్ళ గుంటకి జొరం తగ్గిందా?'
ఏడున్నర నిమిషాలు.
చివర్లో, పెట్టేసే ముందు,
'ఏడో నంబరు లైటు ఎలగట్లేదు.'

లాగ్‌లో అయితే ఎర్ర గీత కొట్టేదాన్ని.
గుంటకి జొరం తగ్గిందనే చెప్పాను.
బంగాళదుంప కూరని చెప్పాను.

వెళ్ళి లైటు బాగుచేశాను. వైరుకి ఉప్పు పట్టింది.
జెట్టీ మీద ఆ పూట గాలి ఎదురుగా ఉంది.
కాసులమ్మ కొంగు ముడి మీద చెయ్యేసుకుని
సముద్రం వైపు తిరిగి నిలబడింది.
ఒక్కసారి మోగింది.
ఇద్దరం కాసేపు కదల్లేదు,
ఇంకోటి మోగుతుందేమోనని.

మూడంటే ఏమిటో
నేనింతవరకూ అడగలేదు.