ఏడోసారి

డులూత్‌లో ఏప్రిల్.
సరస్సు మీద మంచు ఇంకా కదల్లేదు.

బడిపిల్లల కోణమానినికి చేతులు మొలిచినట్టుండే దాన్ని
వెండెల్ మోకాలికి ఆనించి
డోరీన్ చదువుతుంది: తొంభై రెండు.
పోయిన మంగళవారం ఎనభై ఎనిమిది.
ఆ నాలుగు డిగ్రీల కోసం
అతను కొరికిన తువ్వాలు ఇంకా బల్ల మీదే ఉంది.

పడవలోకి దిగాలంటే నూటపది కావాలి.
ఇన్సూరెన్సు వాళ్ళు ఒప్పుకున్నది ఆరుసార్లు.
ఇది ఆరోది.

మధ్యాహ్నం ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని
సూపు చల్లారనిస్తుంది.
నలభై నిమిషాలుగా అదే పియానో ముక్క,
అదే చోట తెగి, మళ్ళీ మొదటికి.
చివరికో గొంతు: పేషంటులో మెరుగుదల ఉందా?
ఉందంటే, ఇక చాలు కదా.
లేదంటే, ఇక దండగ కదా.
నుయ్యికీ గొయ్యికీ మధ్య పట్టేంత మాట
వెతుక్కుంటుంది.
"నెమ్మదిగా," అంటుంది.
పదిహేను పనిదినాల్లో చెబుతామంటారు.

ఈ గంటకి వాళ్ళు పంపేది
నిన్న సింకు బాగుచేసినతను
తలుపు తట్టినందుకే తీసుకున్నంత.
రెండో బల్ల జనవరిలోనే అమ్మేసింది.
ముందుగదిలో లూయెల్లా ఇప్పుడు వారానికి మూడురోజులే,
మిగతా రోజుల్లో డోరీనే
"కాసేపు ఆగండి" అంటుంది,
తనకి తానే అన్నట్టు.

శుక్రవారం, దీపాలార్పే వేళ
వెండెల్ వచ్చాడు.
పాత పేపర్లో చుట్టిన పొగచేప,
మెట్ల మీదే బూటు విప్పడం మొదలుపెట్టాడు.
ఇద్దరూ ఏమీ అనుకోలేదు.

తొంభై ఆరు.

కలం ఆమె జేబులోనే ఉండిపోయింది.