బుధవారం గది

మాత్రల డబ్బాలో మంగళవారం గది ఖాళీ.
పక్కన బుధవారం గదీ ఖాళీయే.
"రేపటివి కూడా మింగేశావా?" అంటే
ఇద్వల్ కిటికీలోంచి సముద్రం వైపు చూస్తాడు,
తప్పు దానిదే అయినట్టు.

మందుల షాపు పిల్ల ఎవరికో ఫోన్ చేసి కనుక్కుంది.
భయం లేదట, నీళ్ళు బాగా తాగాలట,
రేపు మాత్రం ఏమీ వేసుకోకూడదట,
ఇవాళంతా మెట్లు మెల్లగా దిగాలట.
మేమేదో రోజూ దూకి దిగుతున్నట్టు.

పనులు చాలానే ఉన్నాయి.
చెవి మిషనుకి బ్యాటరీలు,
లైబ్రరీలో గడువు దాటిన తోటపని పుస్తకం
(మాకు తోట లేదు, రెండు కుండీలున్నాయి),
సూపులోకి ఉల్లికాడలు.
ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు నడిపినవాడు
ఇప్పుడు డ్రైవరు వెనక సీట్లో కూర్చుని
ప్రతి మలుపులోనూ
లేని బ్రేకు తొక్కుతాడు.
బొటనవేలు వాచింది అందుకేనని నా అనుమానం.
డాక్టరమ్మ మాత్రం రక్తంలో ఏదో ఉప్పు పేరుకుంది,
బీరు మానెయ్యమంది.
పాపం, ఎడమ వైపు నిలబడి చెప్పింది.
ఆ చెవి మూతబడి పదేళ్ళు.

నాకు పోయిన నెల కుడి కంటి పొర తీశారు.
ఇంటికొచ్చి చూస్తే వంటింటి గోడ తెల్లగా ఉంది!
ఆ పసుపు మార్పించమని
ఎన్ని ఆదివారాలు పోట్లాడానో.
ఒక్కసారీ ఎదురు చెప్పలేదు మహానుభావుడు,
రెండుసార్లు సున్నం కూడా కొట్టాడు.
ఎడమ కంటికి వసంతంలో పిలుస్తారట.
అందాకా నాకు రెండు సముద్రాలు.
ఒక కన్ను మూస్తే నీలం,
రెండోది మూస్తే చల్లారిన టీ.

ఏబరిస్ట్‌విత్‌లో పుట్టినవాళ్ళెవరైనా
సముద్రపు ఒడ్డున ఆ చివరిదాకా నడిస్తే
కొండ కింది ఇనుప కమ్మీని
ఒక తన్ను తన్ని వెనక్కి తిరగాలి.
ఎందుకని అడక్కండి.
మా అమ్మ తన్నింది, వాళ్ళమ్మా తన్నింది.
పెళ్ళినాడు నేను తెల్లబూటుతో తన్నితే
మడమ ఊడి అలల్లో పడింది.

ఇవాళ ఇద్వల్ ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు.
మూడు బెంచీల దగ్గర ఆగాం.
ఒక బెంచీ మీద చిప్స్ తిన్నాం,
సగం మేము, సగం అడక్కుండానే సీగల్.
కమ్మీ దగ్గరికొచ్చాక చేతికర్రతో టక్‌మని కొట్టి
వెనక్కి తిరిగాడు.
"కర్ర లెక్కలోకి రాదు," అన్నాను.
"ఏంటి?"
"కర్ర! లెక్కలోకి! రాదు!"
స్కూటర్ మీది కుర్రాడు కూడా తిరిగి చూశాడు.

అప్పుడు నా భుజం పట్టుకుని
మంచి కాలు ఎత్తాడు.
బరువంతా వాచిన వేలి మీద పడి
పళ్ళు బిగించాడు,
తన్నాడు.
కమ్మీ మోగలేదు. మా ఇద్దరి కీళ్ళూ మోగాయి.

పొద్దు వాలుతుంటే
గోరింకల్లాంటి ఆ నల్లపిట్టలు వేలకు వేలు
వంతెన కింది దూలాలకి చేరుతున్నాయి.
అవి తిరిగే తీరు చూస్తూ నోరు తెరిచాడు.
ఒక కన్ను మూసి నేను అతన్ని చూశాను.
గడ్డం కింద గీసుకోని వెంట్రుకలు ఏడు,
చెంప మీద ఎప్పుడొచ్చిందో గోధుమరంగు మచ్చ,
ముక్కు పక్కన ఉప్పు రేణువు.
ఆ కన్ను తెరిచి, ఇంకోటి మూశాను.
మెత్తగా, పసుపుగా,
మా వంటింటి గోడలా ఉన్నాడు.
"కంట్లో ఏమైనా పడిందా?" అన్నాడు.
"ఇసుక," అన్నాను.

రాత్రి డబ్బా సర్దుతూ
బుధవారం గది అలా బోసిగా ఉండటం నచ్చక
అందులో ఒక పిప్పరమెంటు పెట్టాను.
తెల్లారనేలేదు.
చీకట్లో, నన్ను లేపకూడదని, ఎంతో నెమ్మదిగా
కాగితం విప్పుతున్నాడు.
అది ఎంత చప్పుడు చేస్తోందో
తనకి తెలీదు.