ఏడో చిల్లు

ముట్టొద్దని బోర్డు ఉన్నదట.
ఎవలన్న చదివి చెప్పేలోపే
నా చెయ్యి కుర్చీ కిందికి పోయింది.

బంజారాహిల్స్‌ల, ఏసీ చల్లదనం తప్ప
గోడలెంత దూరమో తెల్వని హాలు.
కింద తివాచీ, నా అడుగు చప్పుడు నాకే తిరిగొస్తలేదు.
పన్నెండు కుర్చీలు. పదకొండింటికి పేము తెగింది.
అందుకే పిలిపించిన్రు,
మలక్‌పేట గుడ్డి బడిల నాతోని అల్లినోళ్లల్ల
వేళ్లు ఇంకా వంగేది నాకొక్కనికేనని.

క్యాటలాగు చదివింది తస్నీమ్ అనే పిల్ల:
లాట్ నలభై మూడు. పందొమ్మిది వందల అరవై మూడు ప్రాంతం.
టేకు, పేము. కాళ్లు తిరగేసిన వీ ఆకారం.
రూపకర్త తెలియదు.
నిజమే బిడ్డా, మాకూ తెల్వదు.
ఎక్కన్నుంచో ఒక కాయితం వచ్చేది,
సాల్మన్ సారు కొలతలు చదివేటోడు,
మేం చిల్లులు లెక్కపెట్టుకునేటోళ్లం.

ఎదురుంగ నలభై రెండు, పక్కకు ముప్పై ఎనిమిది.
నిలువు, అడ్డం, మళ్ల నిలువు, మళ్ల అడ్డం,
ఐదో వరుస కాన్నుంచి ఏటవాలు:
నిలువు మీదికెళ్లి, అడ్డం కిందికెళ్లి,
తడి ఆరకముందే బిగించాలె.
ఆరితే పేము అలుగుతది.

తార్నాక ల్యాబు క్యాంటీన్ల ముప్పై ఏండ్లు
శాస్త్రవేత్తలను మోసినయి.
తర్వాత పనికిరావని రాసి
జుమ్మేరాత్ బజార్ల కిలో లెక్కన పోసిన్రు.
ఇప్పుడు జత నాలుగు లక్షల కాడ మొదలట.
కిలోకెంత పడతదో మనసుల లెక్క వేసిన,
సున్నాల కాడ తప్పిన.

లెక్క తప్పుడు నాకు కొత్త కాదు.
తెగని ఆ ఒక్క కుర్చీ అడుగున,
ఎడమ మూల నుంచి ఏడో చిల్లుల
ఒక్క బద్ద పోవాల్సిన కాడ రెండు పోయినయి.
ఎనిమిదోది ఉత్తగున్నది, గోరు దిగేటంత.
అది నాదే.
పద్నాలుగేండ్లప్పుడు, పక్క గదిల కొత్త రేడియో.
చెవి అటు పోయింది, వేలు ఇటు తప్పింది.
సాల్మన్ సారు తడిమి చూసి ఏమనలే,
కూలిల చారాణ కోసిండు.

"సరిచేస్త బిడ్డా, పది నిమిషాల పని."
"అయ్యో, వద్దు తాతా!" చెయ్యి పట్టుకున్నది.
చేతిపనికి ఆ తప్పే సాక్ష్యమట,
పెద్దగ ఫొటో తీసి అచ్చేసిన్రట.
అరవై ఏండ్లు దాచుకున్న సిగ్గు
రంగుల్ల, రెండు పేజీల్ల.

ఇగ గొంతు తగ్గించి అడిగింది:
మిగిలిన పదకొండింటికీ అట్లనే ఒక్కో తప్పు
పడేటట్టు చూడమన్నడట వాళ్ల సారు.
కూసున్న. బకెట్ల నానిన పేము తీసిన.
ఏడో చిల్లు కాడికొచ్చేసరికి
వేళ్లు నన్నడగకుంట ఎనిమిదికి పోయినయి.
విప్పిన. మళ్ల అల్లిన. మళ్ల పోయినయి.
తొమ్మిది వారాలు, పదకొండు కుర్చీలు,
ఒక్క తప్పు రాలే.

వేలం దినం వెనుక వరుసల కూసోబెట్టిన్రు.
పక్కన నిలువు దీపం, అదీ అమ్మకానికే:
ఇత్తడి కాడ, చిల్లుల రేకు టోపీ.
దాన్ని ఎరుగుదును. డైరెక్టరు గదిల
కుర్చీ బాగు చేయ పోయినప్పుడు
ఎడమ చెంపకు దాని కాక తగిలేది,
చలి పొద్దున రొట్టె పెనం లెక్క.
"వెలుగుతున్నదా బిడ్డా?"
"వెలుగుతున్నది తాతా, బల్బు కొత్తది."
చెంప దగ్గరికి పెట్టిన.
ఏం లేదు.

పాట మొదలైంది. పాట అంటరు గని
ఒక్కరూ గొంతు ఎత్తరు.
అట్టముక్కలు లేచిన గాలి, గంతే.
ఒకటోసారి. రెండోసారి.
సుత్తె పడ్డ బల్ల టేకు కాదు,
చప్పుడుల గుల్లతనం ఉన్నది.

తప్పున్న కుర్చీకి వేరే పాట పెట్టిన్రు.
ఎంతకు పోయిందో తస్నీమ్ చెవిల చెప్పింది.
"అందుల చారాణ నాది" అన్న.
కోడి సామెతల తప్ప చారాణ ఎన్నడూ వినలేదట,
బారాణ మసాలా అని కిసుక్కున నవ్వింది.
గుండ్రంగ, చిన్నగ ఉండేదని
ఆమె అరచేతిల వేలితోని గీసి చూపెడుతుంటే
దీపం కూడా అమ్ముడు పోయింది.