పెదాలు కలిసిన చోట

మద్రాసు మెయిల్లో వచ్చేది రేకుపెట్టె,
లోపల పదహారు రీళ్లు.
సైకిల్ క్యారియర్‌కు తాడేసి కట్టుకొని
గేటు పడితే గూడ్సు పెట్టెలు లెక్కబెట్టుకుంటా
గుంతకల్లు మారుతి టాకీసుకు మోసేవాణ్ణి.
నా పేరు తిప్పేసామి.
ఆడిన రీలును వెనక్కి తిప్పే పనోనికి
ఇంతకంటే ఏం పేరు పెడతారులే అని
ఆపరేటర్ ఫకీరప్ప నవ్వుతుండె.

ఆ వారం అరవ సినిమా,
తెలుగు మాటలు అతికించి పంపినారు.
సగానికి మొగుడు చస్తాడు.
జనం బయటికొచ్చి బొరుగులూ బజ్జీలూ తిని
బీడీ ఆర్పి లోపలికి పోయేసరికి
ఇంకో ఊర్లో పుట్టి, పెరిగి,
మీసాలు గూడా వచ్చింటాయి వానికి.
"అంత బిరీన పుడతారా, మామా?" అంటే
కార్బన్ కడ్డీ మారుస్తా అన్నాడు ఫకీరప్ప:
"మా దాంట్లో లేదబ్బా. మీవాళ్లనే అడుక్కో."

నేను అడగలేదు. పొన్నుత్తాయి చెప్పింది.

గేటు పక్కన గుగ్గిళ్లమ్మే మనిషి.
జోలార్‌పేట నుంచి మొగుని వెంట వచ్చింది,
పాయింట్స్‌మన్ ఆయప్ప.
యార్డులో రెండు పెట్టెల నడుమ పోయినాడు,
నేను పుట్టకముందు.
సెకండ్ షోకు గంప ఖాళీ చేసుకొని
నేల క్లాసు తలుపు దగ్గర నిలబడేది,
టికెట్టు ఎవురూ అడగరు.

నాలుగో రాత్రి మెట్లెక్కి క్యాబిన్‌కొచ్చింది.
"వాడు అనేది అది గాదు," అనింది.
ఏది?
పన్నెండో రీలు. మళ్లీ పుట్టినోడు
పాత పెండ్లాం ముందుకొస్తాడు.
వానికి ఇరవై ఏండ్లు, ఆయమ్మకు తల నెరిసింది.
"ఏ జన్మకైనా నేనే" అంటాది తెలుగు గొంతు,
వీణలు మోగుతాయి, నేల క్లాసు ముక్కులు చీదుతాది.
"సాప్పిట్టియా అంటాండాడు," అనింది పొన్నుత్తాయి.
"తిన్నావా అని. అంతే."

మరుసటి రోజు చూసినా.
నిజమే, పెదాలు ఒక్కసారే కలుస్తాయి.
అరవంలో 'ప' పడిన చోటే
సరిగ్గా 'జన్మ'లో 'మ' కూర్చోబెట్టినాడు
మాటలు రాసినాయన, గట్టోడే.
నోరు పోయిన జన్మది,
గొంతు ఈ జన్మది,
నడుమ ఒక మెతుకంత మాట
ఎవురికీ వినపడకుండా ఉండిపోయింది.

"మా ఆయప్ప గూడా డ్యూటీ ఎక్కేముందు అడిగినాడు.
కోపంలో ఉంటి. బదులు చెప్పలా."
గంప ఎత్తుకొని దిగిపోయింది.

ఆ రాత్రి రీలు తిప్పతా తిప్పతా
చెయ్యి ఆపినా.
ఫకీరప్ప నమాజు గుడ్డ మీదనే నిద్రబోయినాడు.
బ్లేడుతో పది బొమ్మలు కోసినా,
గీకి, సిమెంటు పూసి, నోటితో ఊది అతికించినా.
పొద్దున ఆ ముక్క పొన్నుత్తాయి చేతిలో పెడితే
ఎండకు పట్టి చూసింది,
ఒక కన్ను మూసి,
బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్క బొమ్మా.
ఏమో అనింది. నాకు వినపడలా.
ఆమె పెదాలు మాత్రం ఒక్కసారి కలిసినాయి.

నాకు తెలియనిదేమంటే
ఫిల్ములో బొమ్మ పక్కనుండే వంకర గీత
ఆ బొమ్మ మాట కాదు.
ఇరవై బొమ్మల తరువాత రాబోయే నోటిది.
ఆదోని ఆపరేటర్ ఉత్తరం రాసినాక
ఫకీరప్ప చెవి మెలిబెట్టి చెప్పినాడు:
"నువ్వు కోసింది ఒగటి, పోయింది ఇంగొగటిరా, నాకొడకా."

ఆదోనిలో, ఎమ్మిగనూరులో,
పత్తికొండ టూరింగు టాకీసులో
వాడు తెల్లజుట్టు పెండ్లాం ముందుకొచ్చి
తల ఒకసారి ఎగిరిపడి
"ఏ జన్మకైనా" అంటాడంట,
అని నిలబడతాడంట.
జనం ఈలలేస్తారంట.